డాక్టర్ల సంఘం తీర్మానం కాదంటే లైసెన్సు పోతుందా?

అమలాపురంలో సంఘం తీర్మానమని ఓ రోజు ఓపీలు మూసేశారనీ, తెరిచిన డాక్టరుకి లైసెన్సు పోతుందా అనీ అడిగారు. పోదండీ. ఆ సంఘం, అంటే ఐఎంఏ (ఇండియన్ మెడికల్ అసోసియేషన్), 1928లో పుట్టిన స్వచ్ఛంద సంఘం. చేరడం, మానడం డాక్టరు ఇష్టం. మహా అయితే సభ్యత్వం తీసేస్తారు. రిజిస్ట్రేషన్ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ చేతిలో ఉంటుంది, ఆ పైన 2020 నుంచి జాతీయ వైద్య కమిషన్.

అలాగని తీర్మానం ఉత్త కాగితమూ కాదు. 2023 ఆగస్టులో మందులు జనరిక్ పేర్లతోనే (కంపెనీ బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరుతో) రాయాలని కమిషన్ నిబంధన తెచ్చింది. ఐఎంఏ గట్టిగా అడ్డం తిరిగింది. మూడు వారాలకే నిబంధనలు పక్కన పెట్టారు. ఒత్తిడి తెచ్చింది సంఘం, ఆపింది కమిషన్. తేడా అక్కడే ఉంది.

ఊరి బ్రాంచిలో జరిగేది చూస్తే, ముందు కార్యవర్గం, తర్వాత సర్వసభ్య సమావేశం. ఎజెండాలో ఉందా, కోరం (రావలసిన కనీస సభ్యుల సంఖ్య) ఉందా, మినిట్స్ పుస్తకంలో (సమావేశం రికార్డులో) ఎక్కిందా అన్నవే అసలు ప్రశ్నలు. (మా వైపు పులసల రోజుల్లో భోజనం పెడితే కోరానికి లోటుండదు లెండి.) ఫోన్ గ్రూపులో నలుగురు బొటనవేలు బొమ్మ పెడితే అది తీర్మానం అయిపోదు. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

ఓపీ బంద్ అన్నా ఎమర్జెన్సీ వదిలేస్తారనుకోకండి. 2024 ఆగస్టు 17న దేశమంతా ఐఎంఏ 24 గంటల బంద్‌కి పిలిచినప్పుడూ అత్యవసర సేవలు మినహాయించారు.