కూలర్ కట్టేసి చూడండి

అమెరికన్ హారర్ దర్శకుడు జాన్ కార్పెంటర్ పాత సినిమాలు ఇంట్లో టీవీలో చూస్తే భయం వేస్తుందా, ఏది ముందు చూడాలి అని అడిగారు. వేస్తుంది. మొదట ‘ది థింగ్’ (1982) చూడండి.

శ్రీకాకుళంలో మా ఇంటి ముందుగదిలో, మే నెల ఉక్కలో చూశాను నేను. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పన్నెండు మంది. వాళ్లలో మనిషి రూపం ఎత్తిన ప్రాణి ఎవరో తెలియదు. గంట గడిచినా నాకు చలనం లేదు. తప్పు కూలర్‌ది. ఎన్నియో మొరికోనే సంగీతం అక్కడ గుండె కొట్టుకున్నట్టు సన్నగా సాగుతుంది, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ రెండింటినీ కూలర్ రొద మింగేసింది. మర్నాడు దాన్ని కట్టేసి, విసనకర్రలు పట్టుకుని కూర్చున్నాం. కాల్చిన తీగతో రక్తం పరీక్షించే ఘట్టం వచ్చేసరికి మా బావ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

రెండో శత్రువు మా నాన్నగారే. పైనా కిందా నల్లపట్టీలు కనిపిస్తే ఊరుకోరు, “ఇంత డబ్బు పోసి కొన్నది ఖాళీ చూడడానికా” అని జూమ్ నొక్కేస్తారు. కార్పెంటర్ బాగా వెడల్పాటి తెర కోసం తీశాడు, ఎత్తుకు 2.35 రెట్లు. జూమ్ చేస్తే అంచున మాట్లాడకుండా నిలబడ్డవాడు మాయమవుతాడు. ఈ సినిమాలో అనుమానించాల్సింది వాడినే! టీవీలో కదలికలను నునుపు చేసే సెట్టింగు కూడా తీసేయండి, లేకపోతే సాయంత్రం సీరియల్‌లా ఉంటుంది.

పాతబడిందేమో అనే బెంగ వద్దు. రాబ్ బొటీన్ ఆ వికృత రూపాల్లో చాలావాటిని కంప్యూటర్ లేకుండా, రబ్బరుతో, చేతులతో తయారుచేశాడు. అందుకే ఇప్పటికీ తడిగా, బరువుగా కనిపిస్తాయి. పిల్లలను మాత్రం పడుకోబెట్టాకే పెట్టండి. కుక్కల గది దృశ్యం దగ్గర మా అమ్మ లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

తర్వాత ‘దే లివ్’ (1988). నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే హోర్డింగుల వెనకున్న అసలు ఆజ్ఞలు కనిపించే కథ. భయం తక్కువ, వెటకారం ఎక్కువ. ‘ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’ (1987) నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక ఉన్న రోజుకు దాచుకోండి.

ఒక్క మాట. ‘ది థింగ్’ మొదట్లోనే ఒక నార్వే మనిషి తుపాకీ పట్టుకుని ఏదో అరుస్తాడు, దానికి సబ్‌టైటిల్ రాదు. అక్కడున్న అమెరికన్లకూ అర్థం కాదు. ఫోను తీసి దాని అర్థం వెతకకండి, కథంతా అందులోనే చెప్పేస్తాడు.