ఏప్రిల్‌లో నికా అంటున్నారు, అమ్మాయికి ఇంకా 18 నిండలేదు

ప్రశ్న: మాది గద్వాల దగ్గర పల్లె. దూదేకుల వాళ్లం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ, నర్సింగ్ చెయ్యాలని దాని ఆశ. పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ 2008 సెప్టెంబర్ 10. రంజాన్ అయ్యాక ఏప్రిల్‌లో నికా చేసేద్దాం, రుఖ్సతీ (అత్తారింటికి పంపడం) తర్వాత చూద్దాం అంటున్నారు మా బావగారు. మనవాళ్లకు పదిహేనేళ్లు నిండితే చాలట. నిజమేనా? దాని చదువు ఏమవుతుంది?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ బావగారి మాట పూర్తిగా గాలిమాట కాదు. వేరే రుజువు లేకపోతే 15 ఏళ్లకు యుక్తవయసు వచ్చినట్టేనని, వచ్చినవాళ్ల నికా చెల్లుతుందని ముస్లిం పర్సనల్ లా చెబుతుంది. 2022లో పంజాబ్-హర్యానా హైకోర్టు, పెద్దల నుంచి రక్షణ కోరిన ఒక జంట విషయంలో 16 ఏళ్ల అమ్మాయి నికాను ఆ లెక్కతోనే ఒప్పుకుంది. 2024లో కేరళ హైకోర్టు మాత్రం 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుందని తేల్చింది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో పంజాబ్ తీర్పు మీద బాలల హక్కుల కమిషన్ వేసిన పిటిషన్‌ను, సవాలు చేసే అర్హత దానికి లేదంటూ కొట్టేసింది తప్ప, రెండు చట్టాల్లో దేనిది పైచేయో చెప్పలేదు.

అయితే ఈ వాదనలో గెలిచినా మీ ఇంటికి ఒరిగేదేం లేదు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టానికి 18 లోపు అందరూ పిల్లలే, మతం మినహాయింపు లేదు. భార్య అయినా సరే, 18 నిండకుండా కాపురం చేస్తే అది అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. భర్తే అయితే పోక్సోలో కనీస శిక్ష 20 ఏళ్లు. ఇలాంటివి ఎక్కువగా బయటపడేది ఆసుపత్రిలో. గర్భిణిగా పేరు రాయించుకోవడానికి వెళ్లిన అమ్మాయి వయసు 17 అని తేలితే పోలీసులకు చెప్పడం డాక్టర్ బాధ్యత. చెప్పకపోతే డాక్టర్ మీదే కేసు. మతంలో 15కి చెయ్యొచ్చని ఉందేమో గానీ, చేసి తీరాలని లేదు. బావగారితో ఈ ఒక్క మాట పట్టుకోండి. 18 దాకా ఆగితే ఏ నియమమూ తప్పినట్టు కాదు.

‘నికా ఇప్పుడు, రుఖ్సతీ తర్వాత’ అన్న రాజీ పనికిరాదు. 2006 చట్టం చూసేది పెళ్లి జరిగిందా లేదా అనే, పిల్ల ఎక్కడుందని కాదు. చేయించిన ఖాజీకి, కుదిర్చిన పెద్దలకు, 18 దాటిన పెళ్లికొడుకుకు రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఆడవాళ్లకు జైలు లేదు, జరిమానా పడొచ్చు. సంబంధం వదులుకోలేమంటే మంగ్నీతో (నిశ్చితార్థంతో) ఆపి, నికా తేదీ సెప్టెంబర్ 10 దాటాకే పెట్టండి.

ఆధార్‌లో తేదీ మార్పించుకుందామని ఎవరైనా సలహా ఇస్తారు. వినకండి. వయసు తేల్చాల్సి వస్తే ముందు చూసేది బడి రికార్డు, పదో తరగతి మెమో. అవి లేకపోతే పంచాయతీ జనన పత్రం. ఎముకల పరీక్ష ఆఖరున. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదు. షాదీ ముబారక్ కింద తల్లి పేరున వచ్చే 1,00,116 రూపాయలు కూడా నికా నాటికి 18 నిండితేనే. ఐదు నెలల తొందరకు లక్ష పోగొట్టుకుంటున్నారని లెక్క చెప్పండి. మతం గురించి వాదించేకన్నా ఇదే త్వరగా ఎక్కుతుంది.

అయినా వినకపోతే మెమో జిరాక్స్ తీసుకెళ్లి ఖాజీ సాబ్‌కు చూపించండి. చాలాచోట్ల అక్కడే ఆగిపోతుంది. లేదంటే అంగన్‌వాడీ టీచర్ ద్వారా ఆమె పై అధికారి సీడీపీవోకు చెప్పండి, లేదా 1098కి ఫోన్ చెయ్యండి. మేజిస్ట్రేట్ ఆపమని ఉత్తర్వు ఇచ్చాక చేసిన నికా అసలు చెల్లదు. ఒకవేళ ఉత్తర్వు రాకముందే చేసేస్తే, అమ్మాయికి 20 నిండేలోపు జిల్లా కోర్టులో రద్దు కోరవచ్చు. చిన్నవయసులో చేశారన్న కారణంతో 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద రద్దు చేసుకోవచ్చని కొందరు చెబుతారు. అది 15 లోపు జరిగిన పెళ్లిళ్లకు మాత్రమే.

ఇక చదువు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. చేరే సంవత్సరం డిసెంబర్ 31కి 17 నిండాలి, ఆ చిక్కు లేదు. కన్వీనర్ కోటా సీట్లు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నింపుతుంది, ఈమధ్య ఈఏపీసెట్ ర్యాంకు చూస్తోంది. ఆ పరీక్ష ఏప్రిల్ చివరో మే మొదట్లోనో వస్తుంది, అంటే ఇంచుమించు మీ బావగారు నికా పెట్టిన రోజుల్లో. అగ్రికల్చర్-ఫార్మసీ విభాగానికి ఇప్పుడే అప్లై చేయించండి. పేరు, పుట్టిన తేదీ మెమోలో ఉన్నట్టే ఉండాలి. బీసీ-బీ కులపత్రం, ఆదాయపత్రం మీసేవలో ముందే తీసుకోండి, కౌన్సెలింగ్ వారంలో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగలేరు. నర్సింగ్ రాకపోతే డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల వ్యవస్థ దోస్త్‌లో బీఎస్సీకి కూడా రిజిస్టర్ చేయించండి. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యకపోతే పోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం పెళ్లివారి చేతికి ఇవ్వకండి, చూడాలంటే జిరాక్స్ చాలు.