అల్లుడూ, రీసెట్ నొక్కే ముందు ఇది చదువు

అల్లుడూ,

రాత్రి ఫోన్ చేసి "మామయ్యా, ఒకావిడ ఫోన్‌లో కాంటాక్ట్స్ తెరిస్తే చాలు ఆగిపోతోంది, రీసెట్ కొట్టేయమంటావా" అని అడిగావు. వద్దు. రీసెట్ కొడితే ఫోన్‌లో ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ ఫోన్ పక్కన పెట్టు, ఇది పూర్తిగా చదివాక ముట్టుకో. నోటితో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

మన ఒడిశా వైపు గుణుపురమైనా పర్లాకిమిడైనా మన షాపులకి వచ్చే ఫోన్లు ఎలాంటివో నీకూ తెలుసు. చాలామందికి ఇంటిల్లిపాదికీ అదొక్కటే ఫోను. పాతపట్నంలో ఇచ్చిన కూతురి నంబరు, ఆశా దీదీ నంబరు, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకి ఇచ్చే సుభద్ర డబ్బులు పడ్డాయన్న బ్యాంకు మెసేజ్, సూరత్‌లో పనికెళ్లిన కొడుకు పంపిన ఫొటోలు, అన్నీ అందులోనే. యాప్ ఆగిపోతే వాళ్లకి చికాకు, అంతే. ఇవి పోతే మాత్రం తిరిగి తెచ్చి ఇవ్వడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. అందుకే ఏ ఫోన్ వచ్చినా ఏమీ పోని పని ముందు చెయ్యి, కొంచెం పోయేది తర్వాత, అంతా పోయేది చిట్టచివర. ఈ వరస తప్పకు.

మొదట యాప్ ఆగిపోయిందని తెర మీద వచ్చే మెసేజ్ నిదానంగా చదువు. మన దగ్గర సగం ఫోన్లు ఒడియాలో ఉంటాయి, నువ్వు ఒడియా బడిలోనే చదివావు కాబట్టి ఇబ్బంది లేదు. ఆగిపోయింది కాంటాక్ట్సా, సెట్టింగ్సా, సిస్టమ్ యూఐనా, ప్లే సర్వీసెసా, ఆ పేరు కాగితం మీద రాసుకో. ఒక్కటే ఆగిపోతోందా, ఏది తెరిస్తే అదే ఆగిపోతోందా చూడు. ఎప్పటి నుంచి అని అడుగు, ఆ ముందు రోజు ఏం ఎక్కించారని కూడా అడుగు. "ఏమీ చెయ్యలేదు బాబూ" అంటారు, ఇంట్లో పిల్లాడిని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

తర్వాత ఒకసారి పూర్తిగా ఆపి ఆన్ చెయ్యి. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా చూడు. స్టోరేజ్ చూడు. 32 జీబీ ఫోన్‌లో వాట్సాప్ గ్రూపుల వీడియోలు నిండిపోయి వంద ఎంబీ కూడా ఖాళీ లేకపోతే సిస్టమ్ యాప్‌కి, అంటే ఫోన్‌తోనే వచ్చిన యాప్‌కి, తన డేటాబేస్ రాసుకోవడానికి చోటుండదు, తెరవగానే పడిపోతుంది. కనీసం ఒకటి రెండు జీబీ ఖాళీ చేయించు, ఏ వీడియో తీసెయ్యాలో మాత్రం వాళ్ల చేతే చూపించుకో. ఇంత చిన్న పనితోనే బాగుపడి వెళ్లిపోయే ఫోన్లు చాలా ఉంటాయి.

జీమెయిల్, బ్యాంకు యాప్, షాపింగ్ యాప్ అన్నీ ఒకేసారి పడిపోతుంటే వాటి జోలికి వెళ్లకు. వాటి లోపల వెబ్ పేజీలు చూపించే భాగం ఒకటుంది, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని. 2021 మార్చి 22, 23 తేదీల్లో దానికి వచ్చిన అప్‌డేట్‌లో లోపం ఉండి ప్రపంచమంతా ఫోన్లలో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. ఆ అప్‌డేట్ తీసేస్తే యాప్‌లు మళ్లీ తెరుచుకున్నాయి, తర్వాత గూగుల్ క్రోమ్‌కీ వెబ్‌వ్యూకీ కొత్త వెర్షన్లు ఇచ్చాక గొడవ పూర్తిగా తీరింది. ఈలోగా రీసెట్ కొట్టినవాళ్లకి ఉన్నవి పోవడమే మిగిలింది. అందుకని ఇలాంటప్పుడు ప్లే స్టోర్‌లోకి వెళ్లి ముందు ఆ రెండూ అప్‌డేట్ చెయ్యి. ఇంకోటి, ఆండ్రాయిడ్ 7, 8, 9 ఫోన్లలో ఆ పని క్రోమే చేస్తుంది, వాటిలో వెబ్‌వ్యూ ఆఫ్‌లో కనిపిస్తే అది జబ్బు కాదు, వదిలెయ్.

సేఫ్ మోడ్ సంగతి నువ్వు పట్టించుకోవడం లేదనిపిస్తోంది. పవర్ బటన్ నొక్కితే వచ్చే పవర్ ఆఫ్ గుర్తుని అలాగే నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది, కొన్నింటిలో ఆన్ అవుతున్నప్పుడు వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకోవాలి. అందులో ఫోన్‌తో వచ్చిన యాప్‌లు మాత్రమే నడుస్తాయి, మనం దించుకున్నవన్నీ పడుకుంటాయి. అక్కడ అంతా బాగుంటే తప్పు సిస్టమ్ యాప్‌ది కాదు, బయటి నుంచి వచ్చిందేదో దాన్ని పడేస్తోంది. థీమ్‌లు, లాంచర్లు, ఫోన్ శుభ్రం చేస్తామనే క్లీనర్లు, ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకేలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఎక్కించే యాప్ ఫైళ్లు), ముందు వీటిని అనుమానించు. చివర ఎక్కించినదాని నుంచి వెనక్కి ఒక్కోటి తీసి చూడు. సేఫ్ మోడ్‌కి వెళ్లే ముందు హోమ్ స్క్రీన్‌ని నీ ఫోన్‌తో ఫొటో తీసుకో, తిరిగొచ్చాక కొన్ని విడ్జెట్‌లు మాయమవ్వొచ్చు, ఎక్కడివక్కడ మళ్లీ పెట్టివ్వాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు నొక్కితే వచ్చే యాప్ ఇన్ఫోలో స్టోరేజ్ తెరిస్తే కాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకునేది) తుడిచేది, డేటా తుడిచేది పక్కపక్కనే ఉంటాయి. కాష్ తుడిస్తే ఏమీ పోదు, ధైర్యంగా నొక్కు. డేటా తుడిస్తే ఆ యాప్ దాచుకున్నదంతా పోతుంది. ఆవిడ ఫోన్‌లో కాంటాక్ట్స్ యాప్ వేరు, కాంటాక్ట్స్ స్టోరేజ్ అని కనిపించేది వేరు. మొదటిది నంబర్లు చూపించేది, రెండోది నంబర్లు దాచేది. ఆ రెండోదాని డేటా తుడిచావో, ఫోన్‌లో మాత్రమే సేవ్ అయిన నంబర్లన్నీ ఎగిరిపోతాయి, గూగుల్ అకౌంట్‌లో ఉన్నవి మాత్రమే సింక్‌తో తిరిగొస్తాయి. ఫోన్, మెసేజింగ్ స్టోరేజ్ అని ఇంకోటి ఉంటుంది, దాన్ని తుడిస్తే మెసేజ్‌లు పోతాయి.

కాబట్టి ముందు కాంటాక్ట్స్ కాష్ తుడిచి చూడు. అప్పటికీ తెరుచుకోకపోతే ప్లే స్టోర్ నుంచి గూగుల్ వాళ్ల కాంటాక్ట్స్ యాప్ దించు. ఆవిడ వాడేదే అది అయితే ఇంకో మంచి కాంటాక్ట్స్ యాప్ ఏదైనా సరే, అదీ ఆ స్టోరేజ్‌లోని నంబర్లనే చూపిస్తుంది. తెరుచుకుందంటే నంబర్లు క్షేమం. వెంటనే ఎక్స్‌పోర్ట్ కొట్టి వీసీఎఫ్ ఫైల్ (నంబర్లన్నీ ఒకేచోట ఉండే ఫైల్) తీసి, ఆవిడ మెమరీ కార్డులో ఒక కాపీ పెట్టు. అప్పుడు పాత యాప్‌ని ఏం చేసినా భయం లేదు. ఏ యాప్‌తోనూ తెరుచుకోకపోతే తప్పు నంబర్లు దాచే చోటే ఉందేమో, అప్పుడు ఇంకేమీ నొక్కకుండా నాకు ఫోన్ చెయ్యి.

అప్‌డేట్ తర్వాత మొదలైన గొడవైతే యాప్ ఇన్ఫోలో పైన మూడు చుక్కలు నొక్కి అప్‌డేట్‌లు తీసేయొచ్చు, ఫోన్ కొన్నప్పటి వెర్షన్‌కి వెళ్లిపోతుంది. కానీ అప్పుడు వచ్చే హెచ్చరిక చదవకుండా ఓకే కొట్టకు. డేటా అంతా తీసేస్తామని అందులోనే ఉంటుంది, అంటే ఇదీ డేటా తుడవడం లాంటిదే. శాంసంగ్ లాంటి కొన్నింటిలో రికవరీలోకి (ఫోన్ ఆపి బటన్లు నొక్కి పట్టుకుని తెరిచే రిపేరు మెనూ) వెళ్లి వైప్ కాష్ పార్టిషన్ చేస్తే కొన్నిసార్లు కుదురుకుంటుంది, దానివల్ల ఫొటోలకీ నంబర్లకీ ఏమీ కాదు. అయితే ఆ లైను ఆనుకునే ఫ్యాక్టరీ రీసెట్ లైను ఉంటుంది, వాల్యూమ్ బటన్‌తో కదుపుతూ వెళ్లాలి, ఒక్క నొక్కు అటూఇటూ అయితే ఇల్లంతా ఖాళీ. కంగారులో ఉన్నప్పుడు, ఎదురుగా నలుగురు నిలబడి తొందర చేస్తున్నప్పుడు ఆ పని పెట్టుకోకు. కంప్యూటర్‌కి తగిలించి సిస్టమ్ యాప్‌లు పీకేయమని చెప్పే వీడియోలు చూసి ఖాతాదారుల ఫోన్ల మీద నేర్చుకోవద్దు, ఒకటి పీకితే ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోవచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా తప్పకపోతే అప్పుడు రీసెట్. దానికీ ముందు ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఐడీ చూసి పాస్‌వర్డ్ గుర్తుందా అని అడుగు. ఇది చాలా ముఖ్యం రా. ఆండ్రాయిడ్ 5.1 నుంచి రికవరీలో రీసెట్ చేస్తే పాత గూగుల్ అకౌంట్ అడిగే తాళం ఉంది, మన దగ్గరేమో ఫోన్ అమ్మినవాడే అప్పటికప్పుడు ఐడీ తయారుచేసి ఇచ్చేస్తాడు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. తెలియకపోతే ఫోన్ ఇంకా పనిచేస్తుండగానే ఆ నంబరుకి ఓటీపీ తెప్పించి మార్పించు, ఓటీపీ వాళ్లే చూసి వాళ్లే కొట్టాలి. ఫొటోలు కార్డులోకి, నంబర్లు వీసీఎఫ్‌లోకి, వాట్సాప్ బ్యాకప్ గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లాయని కళ్లారా చూసుకో. ఫోన్‌పే లాంటివి మళ్లీ మొదటి నుంచి నమోదు చేసుకోవాల్సి వస్తుందని, సిమ్ అందులోనే ఉండాలని ముందే చెప్పు. యూపీఐ పిన్ మాత్రం నీకు చెప్పనివ్వకు, వాళ్లు చెప్పబోయినా ఆపు.

రీసెట్ అయ్యాక ఏమీ ఎక్కించకుండానే అదే యాప్ మళ్లీ పడిపోతే ఇంక నీ చేతిలో లేదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి, లేదా లోపల స్టోరేజ్ చిప్పే పాడవుతోంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి, బరంపురమో విశాఖో వాళ్లకి ఏది వీలైతే అక్కడికి, బిల్లు పట్టుకుని వెళ్లమను, డబ్బులు తీసుకోకు. వెళ్లేముందు సిమ్, మెమరీ కార్డు రెండూ తీసి వాళ్ల చేతిలో పెట్టు, సిమ్ ఇంట్లో ఉన్న బటన్ ఫోన్‌లో వేసుకుంటే ఈలోపు బ్యాంకు మెసేజ్‌లూ ఫోన్లూ ఆగవు.

మీ మామయ్య