మీ నాన్నకి గడ్డం గీసే ముందు

నాన్నా,

పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇకనుంచి నాన్నకి గడ్డం నేనే చేస్తాను, సెలూను వాళ్లెవర్నీ పిలవద్దు అన్నావట. ఫోను పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. తిరునాళ్లలో మీ నాన్న నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన రోజు గుర్తొచ్చింది. నువ్వు ఆయన జుట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నావు. ఆ పిల్లాడు ఇవాళ తండ్రి మొహం కడిగి గడ్డం చేస్తానంటున్నాడు. నా కడుపు నిండిపోయింది రా.

ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది. "వాడు ఆన్‌లైన్లో స్టీలు రేజరు తెప్పించాడక్కా, వాళ్ల నాన్న మునుపు వాడినదానిలాంటిదే, కింద తిప్పితే పైన రెక్కలు తెరుచుకునేది" అని. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఫోనులో చెబితే సరే పెద్దమ్మా అని పనిలో పడిపోతావు, అందుకే కాగితం తీశాను. మొత్తం చదివాకే ఆ డబ్బా విప్పు.

ఆ రేజరు చెడ్డదని కాదు. ఎవరి గడ్డం వాళ్లు గీసుకోవడానికి అంతకంటే మంచిది లేదు. ఒకటే బ్లేడు, పదునైనది, చవకైనది. రేజరు బరువే పని చేస్తుంది, నొక్కాల్సిన పని లేదు. మన చెంప మనం గీసుకునేటప్పుడు ఎక్కడ చురుక్కుమన్నా చెంప చేతికి చెబుతుంది, చెయ్యి ఆగిపోతుంది. ఇంకొకరి చెంప మీద ఆ కబురు నోటితో రావాలి. పక్షవాతంతో కుడి పక్క పడిపోయాక మీ నాన్నకి మాట రావడం లేదు. కుడి చెంపకి స్పర్శ కూడా సగమే. అక్కడ తెగినా ఆయనకి తెలియదు, తెలిసినా చెప్పలేడు.

పైగా ఆ మందుల చీటీ. మీ అమ్మ వాట్సాప్‌లో పంపితే చూశాను. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు అవి. మామూలుగా రెండు నిమిషాల్లో ఆగిపోయే గాటు, అవి వేసుకునే మనిషికి చాలాసేపు కారుతూనే ఉంటుంది. అలాగని గాటు పడిందని మాత్ర ఆపేసేవు, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకు! గాటు మానుతుంది, రెండోసారి పక్షవాతం వస్తే మానదు.

నాకు ఇంత భయం ఎందుకో చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1997 మాఘమాసం, పాలకొల్లు. మీ అమ్మ నిశ్చితార్థం. తాతయ్యకి ఎడమ పక్క పడిపోయి అప్పటికి ఏడాది. మాట ముద్దగా వచ్చేది. గుండె కొట్టుకోవడం సరిగా లేదని వార్ఫరిన్ వేసేవాళ్లం, అదీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రే. నేను అప్పటికే 12 ఏళ్ల సర్వీసు ఉన్న నర్సుని. సర్జికల్ వార్డులో ఎంతమందికి ఆపరేషను ముందు రోజు రేజరుతో శుభ్రం చేశానో లెక్కలేదు. నాన్న గడ్డం నాకో లెక్కా అనుకున్నాను.

తొమ్మిదింటికి మగపెళ్లివారు వస్తారు. ఎనిమిదిన్నరకి గుర్తొచ్చింది, నాన్నకి గడ్డం మాసి ఉందని. ఆయన పళ్ల సెట్టు గాజు గ్లాసులో నీళ్లల్లో ఉంది. తీసి పెట్టాలని తోచలేదు. పళ్లు లేని చెంప లోపలికి గుంటపడి ఉంటుంది, బ్లేడు ఆ గుంట అంచున ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. పళ్ల సెట్టు పెడితే చెంప నిండుతుంది, పని సగం తేలికవుతుంది. రోగులందరికీ చేసేదాన్ని ఆ పని. మా నాన్నకి మరిచాను.

ఒకసారి గీశాను, బాగానే వచ్చింది. అక్కడితో ఆపాల్సింది. అరచేత్తో తడిమితే కాస్త గరగరలాడింది. తాతయ్య నిలువెత్తు మనిషి, రోజూ తెల్లారి అయిదింటికే నున్నగా గీసుకుని పంచె కట్టేవారు. కాబోయే అల్లుడి ముందు ఆయన మునుపటిలాగే కనబడాలని నా పట్టుదల. మళ్లీ నురగ రాసి ఈసారి ఎదురు గీశాను, కింద నుంచి పైకి. ఎడమ దవడ ఎముక దగ్గర, స్పర్శ లేని పక్కన.

ఆయన కదల్లేదు. చెయ్యి ఎత్తలేదు. నురగ మధ్య ఎర్రటి గీత ఒకటి కనబడింది, నేను గుడ్డతో తుడిచాను. మళ్లీ వచ్చింది. పటిక రుద్దాను. ఆగలేదు. ఒక నిమిషం అదమడం, తీసి చూడడం, మళ్లీ అదమడం. గట్టిగా పది నిమిషాలు తియ్యకుండా పట్టుకోవాలని జూనియర్లకి చెప్పేదాన్ని నేనే. నాన్న దగ్గర ఆ ఓపిక పట్టలేకపోయాను, ప్రతి నిమిషం తీసి చూశాను, ప్రతిసారీ గడ్డకడుతున్న కాస్త రక్తం కూడా గుడ్డతో పాటు ఊడి వచ్చింది. ఈలోపు మెడ మీదుగా దిగి తెల్ల కండువా తడిసింది. తాతయ్య కిందికి చూసి ఆ కండువాని చూశారు. నొప్పి తెలియదు, రక్తం మాత్రం కనబడింది. ఏం జరిగిందో అర్థంకాక నా మొహంలోకి చూశారు. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మీ ఇంట్లో ఆ నిశ్చితార్థం ఆల్బమ్ ఉంది కదా. అందులో తాతయ్య ఎడమ దవడ మీద తెల్లగా కనబడేది వెలుతురు కాదురా, గాజుగుడ్డ. సగం నున్నగా, సగం గరగరగానే కూర్చున్నారు ఆ రోజు. మీ నాన్న వచ్చి ఎవరు చెప్పినా వినకుండా కుర్చీ ఆయన పక్కకి లాక్కుని, ఏమీ అడక్కుండా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఫోటోలో అదీ ఉంటుంది చూడు.

ఆ తర్వాత రెండు నెలలు నా చేతిలో రేజరు కనబడితే తాతయ్య మొహం గోడవైపు తిప్పేసుకునేవారు. చివరికి వీధి చివర సెలూనాయన్ని పిలిచాం. ఆయన వచ్చి ముందు పెట్టె తియ్యలేదు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని కాసేపు వర్షాల గురించి, వరి గురించి మాట్లాడాడు. అద్దం తాతయ్య ఒళ్లో పెట్టాడు. గిన్నెలో నురగ చేసి, బ్రష్షు తాతయ్య కుడి చేతికి ఇచ్చాడు. "మీరు రాసుకోండి బాబుగారూ, నేను తర్వాత చూస్తాను" అన్నాడు. తాతయ్య నురగ ముక్కుకీ చెవికీ కూడా పూసుకున్నారు. అయినా మొహం తిప్పుకోలేదు. అన్నాళ్లూ నేను మంచం మీద ఉన్న రోగికి గడ్డం గీశాను, సెలూనాయన మాత్రం ఆ చెంప ఎవరిదో వాళ్లనే ముందు అడిగాడు.

సరే, ఇప్పుడు నీ సంగతి.

నువ్వు కొనాల్సింది కరెంటు షేవరు. పైన పల్చటి చిల్లుల రేకు ఉండి, లోపల బ్లేడు ఆడేది. బ్లేడుకీ చర్మానికీ మధ్య ఆ రేకు అడ్డం ఉంటుంది కనుక తెగే భయం చాలా తక్కువ. రక్తం పలచన మాత్రలు వేసుకునేవాళ్లకి డాక్టర్లు చెప్పేది కూడా ఇదే. బ్లేడంత నున్నగా రాదు. రాకపోతే రాకపోనీ. ఆపరేషను రోగులకి కూడా రేజరు వద్దు, తప్పనిసరైతే క్లిప్పరుతోనే వెంట్రుకలు తియ్యండి అని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పింది. రేజరు గీసినచోట కంటికి కనబడని గాట్లు పడి, అందులోంచి క్రిములు దూరతాయి. నేను అన్నేళ్లు శ్రద్ధగా చేసిన పని అది. నున్నదనం కోసం ప్రాణం పెట్టకు.

వీడియో కాల్‌లో చూశాను, ఆయనది కనీసం ఇరవై రోజుల గడ్డం. అంత పొడుగు వెంట్రుక షేవరు రేకులోకి దూరదు, లాగుతుంది. ముందు ట్రిమ్మరుతో పొట్టి చెయ్యి. షేవరు పొడి మొహం మీద వాడు, మొహం కడిగి బాగా తుడిచాక. కాసేపు నడిస్తే రేకు వేడెక్కుతుంది, మధ్యమధ్య నీ మణికట్టుకి ఆనించి చూసుకో. కొత్తలో చర్మం కాస్త ఎర్రబడొచ్చు, రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది.

కరెంటు మోత ఆయనకి పడకపోతే, మొహం తిప్పేస్తే, బలవంతం చెయ్యకు. అప్పుడు ఒంటి బ్లేడు రేజరు. మూడు బ్లేడులూ అయిదు బ్లేడులూ ఉన్నవి వద్దు. ముందు బ్లేడు వెంట్రుకని లాగితే వెనకది చర్మం కంటే లోపలికి కోస్తుంది, ఉంగరాల గడ్డం వాళ్లకి ఆ కొస లోపలికే పెరిగి కురుపవుతుంది. మీ నాన్నకి మెడ మీద అవి వచ్చేవి, నీకూ వస్తున్నాయని మీ అమ్మ అంది. జిల్లెట్ వాళ్లు 2010లో మన దేశం కోసమే గార్డ్ అని ఒంటి బ్లేడుది తెచ్చారు, అప్పట్లో రేజరు 15 రూపాయలు, మార్చుకునే బ్లేడు 5. కుళాయి లేకుండా చెంబెడు నీళ్లతో గీసుకునేవాళ్లని చూసి చేసింది. బ్లేడు ముందు దువ్వెనలాంటిది చర్మాన్ని అదిమి పడుతుంది, ఇరుక్కున్న వెంట్రుకలు చెంబులో రెండుసార్లు ముంచితే పోతాయి. మంచం పక్కన చేసే పనికి అదే సుళువు.

రేజరు వాడితే మాత్రం వేన్నీళ్ల తువాలు రెండు మూడు నిమిషాలు గడ్డం మీద వేసి ఉంచు. వేడి నీ మణికట్టు మీద చూసుకో, ఆయన కుడి చెంప మీద కాదు. తడిసిన వెంట్రుక మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. క్రీము ట్యూబులోది తీసుకో, వాసన లేనిది, చల్లగా చురచురలాడేది కాకుండా. ఫ్యాను ఆపు, లేకపోతే నురగ ఆరిపోతుంది. వెంట్రుక వాలిన వైపే గియ్యి, ఒక్కసారే. రెండోసారి నురగ రాయాలని నీకు అనిపిస్తుంది. రాయకు.

తల వెనక్కి వంచకు. ఇది మరీ ముఖ్యం. మింగడం సరిగా లేని మనిషికి తల వెనక్కి వంచితే నోట్లోకి పోయిన నురగో లాలాజలమో ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. దిళ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టు. మూతి చుట్టూ నురగ పల్చగా రాయి. మెడ ముడతలు నీ వేళ్లతో సాగదీసి పట్టుకో. ఎడమ దవడ కింద ఆయనకి పులిపిరి ఒకటి ఉంది, నువ్వు గమనించి ఉండవు, ఆయన ఎప్పుడూ దాని చుట్టూ తిప్పి గీసుకునేవాడు. దాని మీదికి పోకు. తెగితే రక్తమే కాదు, పులిపిర్లు పక్కకి పాకుతాయి కూడా.

ఆయనకి కనబడే వైపు నుంచి, అంటే ఎడమ వైపు నుంచి వెళ్లు. కుడి నుంచి చెయ్యి వస్తే ఉలిక్కిపడతాడు. స్పర్శ బాగున్న చెంప ముందు చెయ్యి, ఏం జరుగుతోందో ఆయనకి తెలుస్తుంది.

గాటు పడితే శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి, గడియారం చూసి పది నిమిషాలు తియ్యకుండా అదిమి పట్టు. తగ్గకపోతే ఇంకో పది. అప్పటికీ కారుతుంటే డాక్టరు దగ్గరకి తీసుకెళ్లు. పటిక వద్దు. మంటపుట్టే ఆఫ్టర్ షేవ్ అసలే వద్దు, వాసన ఆయనకి ఎంత ఇష్టమైనా సరే, చొక్కా మీద చల్లు కావాలంటే. మొహానికి రెండు చుక్కల కొబ్బరినూనె చాలు.

ఆయన రేజరు ఆయనకే. నువ్వు ఒక్కసారి కూడా వాడకు, నీది ఆయనకి వాడకు. రేజరు ద్వారా హెపటైటిస్ బి అంటుకుంటుందని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ స్టీలు రేజరు మాత్రం తిరిగి పంపించకు. నీ గడ్డానికి వాడుకో. మీ నాన్న ఎదురుగా కూర్చుని గీసుకో, ఆయన చూస్తాడు. నువ్వు రేజరు తప్పు కోణంలో పట్టుకుంటే ఆయనే చెయ్యి ఆడించి వద్దంటాడేమో.

రోజూ చెయ్యాలని లేదు. ఫిజియోథెరపీ అయి అలిసి ఉన్నప్పుడు వద్దు. చుట్టాలు వస్తున్నారని హడావిడిగా అసలే వద్దు. మొదటి రోజు ఒక చెంప చేసేసరికే ఆయన విసుక్కుంటే, రెండో చెంప మర్నాడు చెయ్యి. ఎవరేమనుకుంటే మనకేం!

నేను శనివారం రాత్రి గౌతమి ఎక్కుతున్నాను. ఆదివారం పొద్దున్న నువ్వే చెయ్యాలి, నేను పక్కన నిలబడతాను అంతే. వచ్చేటప్పుడు కొత్త బ్రష్షు ఒకటి తెస్తాను, పిడి లావుగా ఉన్నది. ఎడమ చేత్తో పట్టుకోవడం ఆయనకి అలవాటు లేదు, సన్నటి పిడి అయితే జారిపోతుంది.

పెద్దమ్మ