ప్రకటన మార్చే ముందు పేమెంట్ పేజీ చూడండి

కొత్తగా కొన్ని దేశాల్లోకి వెళ్తున్నారు, హెడ్ ఆఫీసేమో అన్నిచోట్లా ఒకే ప్రచారం నడపమంటోంది, స్థానిక టీములేమో అంతా మార్చాలంటున్నాయి, ఎవరి మాట వినాలి అని అడిగారు. సాఫ్ట్‌వేర్ ఉత్పత్తుల మార్కెటింగ్‌లో చాలాకాలం నేను చేసింది ఈ పనే. వాళ్లిద్దరూ కొట్లాడుకునేది ఎప్పుడూ ప్రకటన గురించే. అమ్మకం ఆగేది మాత్రం చాలాసార్లు ఇంకోచోట.

జర్మనీలో మా ట్రయల్‌కి జనం బాగానే వచ్చారు, కొనేవాళ్లే లేరు. అక్కడి టీము కొత్త ఫొటోలు, కొత్త ట్యాగ్‌లైన్ అడిగింది. సైట్ లెక్కలు తీసి చూస్తే, అందరూ పేమెంట్ పేజీ దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. అక్కడ క్రెడిట్ కార్డు ఒక్కటే పెట్టి ఉంది. జర్మనీలో ఇన్‌వాయిస్ తీసుకుని తర్వాత కట్టడం, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డెబిట్ చేయించడం మామూలు. ఆ రెండూ పెట్టాక, ప్రకటనలో అక్షరం మార్చకుండానే అమ్మకాలు కదిలాయి. పక్కనున్న నెదర్లాండ్స్‌కి వెళ్తే అక్కడ ఐడీల్ కావాలి, అంటే బ్యాంకు ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో నేరుగా కట్టే అక్కడి పద్ధతి. అరబిక్‌లో పేజీ అంతా కుడి నుంచి ఎడమకు తిప్పినా, 'వాడకముందు, వాడాక' అని చూపే బొమ్మల జత అలాగే ఉండిపోతే, కుడి నుంచి చూసేవాళ్లకి మన వస్తువు వల్ల పని చెడినట్టే కనిపిస్తుంది!

హెడ్ ఆఫీసు వాదననూ కొట్టిపారేయకండి. అన్ని దేశాలకూ ఒకే వస్తువు చేస్తే ఖర్చు తగ్గి చవగ్గా ఇవ్వొచ్చని మార్కెటింగ్ ప్రొఫెసర్ థియోడర్ లెవిట్ 1983లోనే హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. అది నిజమే. కానీ ఆ చవక అక్కడ కొత్త సంగతి అయ్యుండాలి. అమెరికా సూపర్‌మార్కెట్ల కంపెనీ వాల్‌మార్ట్ 1997లో జర్మనీకి వెళ్లేసరికే అక్కడి దుకాణాలు ఆల్డి, లిడ్ల్ చవకధరలతో పాతుకుపోయి ఉన్నాయి. 2006లో వాల్‌మార్ట్ తప్పుకుంది. సిబ్బంది నవ్వుతూ పలకరించడం జనానికి నచ్చలేదనే కథే అందరూ చెబుతారు గానీ, నా దృష్టిలో చవక అక్కడ కొత్త కాకపోవడమే పెద్ద కారణం.

లోగో, కస్టమర్‌కి ఇచ్చే హామీ, డేటా భద్రత హెడ్ ఆఫీసు దగ్గరే ఉంచండి. మిగతావి స్థానిక టీముకి వదిలేయండి, కానీ ఏ మార్పు అడిగినా ఆధారం చూపించాలి: కస్టమర్ కాల్ రికార్డింగో, జనం ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పే లెక్కో. "మా మార్కెట్ వేరు" అంటే చాలదు. ఎందుకంటే ప్రతి మార్పునూ ఆ తర్వాత కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు మోయాలి.

బడ్జెట్ ఖాయం చేసేలోపు, ఒక్కో దేశంలో ఒకరిచేత వాళ్ల సొంత ఖాతాతో మీ వస్తువు కొనిపించండి. స్క్రీన్ షేర్‌లో మీరు పక్కనే ఉండి చూడండి, సాయం మాత్రం చేయకండి.