లండన్ వెళ్తున్న లహరికి

లహరీ,

టికెట్ తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. లండన్‌లో ఒక్కదానివే తిరగడానికి భయపడక్కర్లేదు. జాగ్రత్తంతా ఫోను దగ్గరే.

అక్కడ ఫోను దొంగలు ఎలక్ట్రిక్ సైకిళ్ళ మీద తిరుగుతారు. ఫుట్‌పాత్ అంచున నిలబడి మ్యాప్ చూసుకుంటుంటే వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి చేతిలోంచి లాక్కుపోతారు. నువ్వు తేరుకునేలోపు మలుపు తిరిగిపోతారు. దారి చూసుకోవాలంటే ఏదైనా షాపులోకి వెళ్ళు, లేదా గోడకి ఆనుకుని నిలబడు. చూశాక ఫోను బ్యాగులో వేసి, జిప్పు పెట్టి, అప్పుడు నడువు. ఫోను పోతే ఓటీపీలు, టికెట్లు, హోటల్ అడ్రసు అన్నీ దానితోనే పోతాయి. అందుకే ఇక్కడే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకీ ఉండే సొంత గుర్తింపు నంబరు) చూసి, బ్యాంకు నంబరు, అమ్మ నంబరుతో పాటు కాగితం మీద రాసిపెట్టుకో. ఈ రోజుల్లో ఎవరి నంబరూ మనకి నోటికి రాదు కదా. రెండో బ్యాంకు కార్డు గదిలో ఉంచు.

మన కార్డులకి విదేశీ వాడకం, ట్యాప్ చేసే సౌకర్యం బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. అది మర్చిపోతే మొదటి రోజే టెన్షన్. బస్సుల్లో డబ్బులు తీసుకోరు, ఎక్కేటప్పుడు కార్డు ట్యాప్ చేస్తే చాలు. ట్యూబ్ రైల్లో (అక్కడి మెట్రో) మాత్రం దిగాక కూడా చెయ్యాలి, లేకపోతే ఎక్కువ ఛార్జీ పడుతుంది. రోజంతా ఒకే కార్డు వాడు. రోజుకింత అని ఒక పరిమితి ఉంది, అది దాటాక డబ్బులు కట్ అవవు. ఉదయం కార్డు, సాయంత్రం ఫోను వాడితే రెండూ వేర్వేరు లెక్కలవుతాయి.

హీత్రూ ఎయిర్‌పోర్టులో దిగగానే "టాక్సీ కావాలా" అని దగ్గరికొచ్చేవాళ్ళతో వెళ్ళకు. రైళ్ళలో పికడిల్లీ లైను చౌక, ఎలిజబెత్ లైను త్వరగా చేరుస్తుంది. వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద గిన్నెల కింద బంతి దాచి పందెం కాయించేవాళ్ళుంటారు. చుట్టూ మూగి గెలుస్తున్నట్టు కనిపించేది వాళ్ళ మనుషులే, అక్కడ ఆగకు.

ప్రమాదమైతే 999, ఒంట్లో బాగాలేక సలహా కావాలంటే 111. రైల్లో ఎవరైనా ఇబ్బంది పెడితే 61016కి మెసేజ్ పెట్టు, రైల్వే పోలీసులకి చేరుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం విమానం ఎక్కకు, అక్కడ ఆస్పత్రిలో చేరితే బిల్లు మోయలేం.

అన్నం మీదకి మనసు పోతే డిస్ట్రిక్ట్ లైనులో ఈస్ట్ హామ్ వెళ్ళు. దోసెలు, భోజనాలు అన్నీ దొరుకుతాయి.

ప్రేమతో,
పెద్దమ్మ