వేసవి చుట్టాలు, కార్డు బాకీ

ప్రశ్న: మాది ఒడిశాలోని గోపాల్‌పూర్. మావారిది బరంపురంలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 38 వేలు వస్తాయి. ఏటా మే నెలలో ఇద్దరు ఆడపడుచులూ పిల్లలతో వస్తారు. ఒకరిది విశాఖ, ఇంకొకరిది హైదరాబాద్. పది రోజులూ సముద్రం, చిలికా సరస్సు, తిరుగుళ్లే. ఈసారి 45 వేలు అయింది, అంతా క్రెడిట్ కార్డు మీదే. నెలకు 3 వేలు కడుతున్నా బాకీ తగ్గినట్టే లేదు. పాప చదువుకని దాచిన 60 వేల ఎఫ్‌డీ ఒకటుంది. వాళ్లను రావద్దనలేం. ఏం చేయాలి?

జవాబు: రావద్దని ఎందుకనాలి? మీ ఇంటికి సముద్రం పక్కనే ఉంది, చుట్టాలు వస్తారు. ముందు బాకీ సంగతి చూద్దాం.

మీరు పంపిన కార్డు బిల్లులో వడ్డీ నెలకు మూడున్నర శాతం. 45 వేల మీద తొలి నెల వడ్డీ 1,575 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 283. మీరు కట్టే 3 వేలల్లో 1,858 అక్కడికే పోతే, అసలు తగ్గేది 1,142. ఇలాగే కడితే తీరడానికి రెండేళ్లు పడుతుంది, మొత్తం 71 వేలు దాటుతుంది. ఆలోగా ఇంకో రెండుసార్లు చుట్టాలు వచ్చి వెళ్తారు. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లు కార్డు మీద కొత్తగా ఏం కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ.

అందుకే ఆ ఎఫ్‌డీ తీసేయండి. పాప డబ్బు ముట్టుకోవడం మీకు కష్టంగానే ఉంటుంది. కానీ ఒక చేత్తో ఏడు శాతం తెచ్చుకుంటూ ఇంకో చేత్తో 42 శాతం కడుతుంటే పాప డబ్బే కదా కరిగిపోయేది! గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, పడనివ్వండి. కార్డు బాకీ మొత్తం కట్టేసి, మిగిలింది మళ్లీ ఎఫ్‌డీ చేయండి. ఇప్పుడు కార్డుకు కడుతున్న ఆ 3 వేలే జూలై నుంచి ఏప్రిల్ దాకా పక్కన పెడితే వచ్చే వేసవికి 30 వేలు ఉంటాయి. నెలనెలా కట్టే పోస్టాఫీసు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) ఐదేళ్లది, దీనికి పనికిరాదు. మీ బ్యాంకు పది నెలల ఆర్‌డీ ఇస్తే సరే, లేకపోతే ఏటీఎం కార్డు లేని వేరే సేవింగ్స్ ఖాతా చాలు.

ఇక ఖర్చు. మీరు రాసిన లెక్క చూసి నాకు నవ్వొచ్చింది, క్షమించండి. టాక్సీలు 9 వేలు, బయటి తిండి 7 వేలు, ఇంటి సరుకులు, చేపలు 11 వేలు. మిగతా 18 వేలు ఆడపడుచులకు పెట్టిన రెండు బరంపురం పట్టుచీరలు! మిమ్మల్ని ముంచింది సముద్రం కాదు.

చీర పెట్టొద్దని నేననను, పుట్టింటికొచ్చిన ఆడపిల్లను వట్టి చేతులతో పంపరు. కానీ పట్టు పెళ్లికో గృహప్రవేశానికో ఉంచి, వేసవికి మంచి నేతచీర పెట్టండి. ఇద్దరికీ ఒకే ధరలో. ఒకరికి ఈ ఏడు, ఇంకొకరికి పై ఏడు అనుకున్నారో, ఆ గొడవ తీర్చడం ఏ ప్లానరు వల్లా కాదు.

చేపల ఖర్చుకు కారణం కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. సరిగ్గా చుట్టాలున్నప్పుడే చేప దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. పది రోజుల్లో రెండు పూటలు చేప చాలు. ఒక పూట ఎండుచేప, వంకాయ కలిపి వండండి, హైదరాబాద్ వాళ్లకు అదే అపురూపం. సాయంత్రం ఒడ్డున ఐస్‌క్రీములకు బదులు ముంజలు.

తిరుగుళ్లలో ఒక్క చిలికా ఉంచుకోండి. చిలికా ఒడ్డునే ఉన్న రంభకు బరంపురం నుంచి ప్యాసింజరు రైలుంది, టాక్సీ అక్కర్లేదు. అక్కడ బోటు మొత్తానికి బేరమాడి, గంటలెన్నో, లైఫ్ జాకెట్లు ఎన్నో ఎక్కకముందే తేల్చుకోండి. డాల్ఫిన్లని పిల్లలు పేచీ పెడతారు. అవి కనిపించేది పూరీ వైపు సాతపడా దగ్గర, అంత దూరం ఎండలో టాక్సీ వద్దు. వలస పక్షులు చలికాలంవి, మే నెలలో ఉండవు. తప్తపాణి కూడా మీ లిస్టులో ఉంది. మే ఎండలో వేడినీటి గుండానికా?

మిగతా రోజులు గోపాల్‌పూర్ ఇసుకే. తెల్లారే ఒక విడత, ఎండ తగ్గాక ఒకటి. ఒక్కచోట మాత్రం పిసినారితనం వద్దు. అక్కడ అలలు లోపలికి లాగుతాయి, పిల్లలు స్నానానికి దిగితే దగ్గరుండి చూసే నోలియాను, అంటే ఈత తెలిసిన అక్కడి జాలరిని పెట్టుకోండి. వాళ్లలో మన తెలుగువాళ్లే ఎక్కువ, ఎంతిస్తారో ముందే మాట్లాడుకోవచ్చు.

ఇలా చేస్తే నేతచీరలతో కలిపి 22 వేలల్లో తేలుతుంది. మిగిలిన 8 వేలు పాప ఎఫ్‌డీలోకి.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తీయాలి కాబట్టి వాళ్ల తారీఖులు మార్చిలోనే తెలుస్తాయి. ఆ ఫోన్లోనే మీ పెద్దాడపడుచుతో అనండి, “వదినా, ఈసారి చిలికా బోటు అన్నయ్యగారిది” అని. పోయినసారి ఆయన టాక్సీ డబ్బులు తీస్తే మీవారు చెయ్యి పట్టుకుని ఆపారని రాశారు కదా, ఈసారి ఆపకుండా చూసుకోండి.